యజమాని లేని రిజిస్టరు

"ఈ సిస్టమ్ ఎవరిదండీ?"

ఏడేళ్లుగా బాలాత్రిపురసుందరి అడుగుతున్న ప్రశ్న ఇదే. కోకాపేటలో ఒక టవర్ పంతొమ్మిదో అంతస్తులో ఆమె సీటు. ఆమె కంపెనీ చల్లగా ఉంచాల్సిన మందుల్ని, అంటే ఇన్సులిన్, టీకాలు, కొన్ని ఇంజెక్షన్లను, ఐస్ డబ్బాల్లో పెట్టి రెండు రాష్ట్రాల్లోని చిన్న చిన్న నర్సింగ్ హోములకీ మందుల షాపులకీ చేరవేస్తుంది. ఆ పనికి లారీలు ఎంత అవసరమో కంప్యూటర్ సిస్టములూ అంతే అవసరం. ఆర్డర్లకొకటి, స్టాకుకొకటి, బండ్లకొకటి, హాజరుకొకటి. ఇరవై ఏళ్లలో ఎవరికేది కావలిస్తే వాళ్లది చేయించుకున్నారు. చేయించుకున్నవాళ్లు ఉద్యోగాలు మారిపోయారు. సిస్టములు మాత్రం మిగిలిపోయాయి. ఆమె ఒక్కొక్కటే వెతికి జాబితా రాస్తే రెండు వందల పన్నెండు తేలాయి.

ఏది ఎవరిది, దాన్ని మార్చాలంటే ఎవరు ఒప్పుకోవాలి, దానివల్ల కంపెనీకి ఒరిగేదేమిటి, రేపు అది చెడితే జవాబు చెప్పేదెవరు. ఇవన్నీ అడిగి, రాసి, ఎప్పటికప్పుడు సరిచూసుకోవడం ఆమె పని. ఆఫీసులో దాన్ని గవర్నెన్స్ అంటారు. వినడానికి పెద్ద పదం. చేసేవాళ్లకి తెలుసు, అది ఫోను ఎత్తనివాళ్లకి ఫోను చేయడం, చదవనివాళ్లకి మెయిలు పెట్టడం, మీటింగుకి రానివాళ్ల కోసం ఖాళీ కుర్చీల మధ్య కూర్చోవడం.

ఆమెది తణుకు. పాతికేళ్ల కిందట ప్రోగ్రామర్‌గా హైదరాబాదు వచ్చింది. అప్పట్లో రోజుకి పన్నెండు గంటలు కోడు రాసినా అలసట తెలిసేది కాదు. ఇప్పుడు యాభై ఒకటి. రోజంతా ఒక్క లైను కూడా రాయదు, సాయంత్రానికి మాత్రం భుజాలు రెండూ ఎవరో ఎక్కి కూర్చున్నట్టు బరువెక్కుతాయి. పూర్తి పేరు ఏ సిస్టమ్‌లోనూ పట్టదు కాబట్టి ఒకదాంట్లో బాలాత్రిపుర, ఇంకోదాంట్లో బాలాత్రి. మనుషులకి బాలా మేడమ్.

నిరుడు ఇంకేదో కంపెనీలో దొంగలు కంప్యూటర్లలోకి చొరబడి వారం రోజులు పని ఆపేశారు. వాళ్లు దూరిన దారి ఎవరికీ అక్కర్లేని, ఎవరూ పట్టించుకోని ఒక పాత సర్వరట. ఆ కబురు విన్న దగ్గర్నుంచి ఇక్కడి డైరెక్టర్లకి కంటిమీద కునుకు లేదు. మన దగ్గర అలాంటివెన్ని ఉన్నాయని అడిగారు. సిస్టములన్నిటికీ పెద్ద అయిన ఉదయ్ భాస్కర్ ఆమెని పిలిచి, ఒక నియమం రాసి పెట్టమన్నాడు.

ఆమె రాసింది. ప్రతి సిస్టమ్‌కీ ఒక యజమాని ఉండాలి. ఆ యజమాని వైస్ ప్రెసిడెంటుకి తక్కువ హోదావాడు కాకూడదు, ఎందుకంటే ఏదైనా జరిగితే డైరెక్టర్ల ముందు నిలబడి జవాబు చెప్పగలిగేది ఆ హోదావాళ్లే. యజమాని లేని సిస్టమ్ ఏదైనా మార్చి నెలాఖరుకి ఆపేయాలి. కమిటీలో అందరూ మెచ్చుకున్నారు. ఇంత శుభ్రంగా రాసిన నియమం ఈ మధ్య చూడలేదన్నాడొకాయన. ఆ మాటకి ఆమె మురిసిపోయింది కూడా.

యజమాని గడి ఖాళీగా ఉన్నవి ముప్పై ఏడు. నవంబరు నుంచి జనవరి దాకా వాటి వెంట పడింది. ఆపరేషన్స్ వాళ్లు సేల్స్‌ని అడగమంటారు, సేల్స్ వాళ్లు ఫైనాన్స్ అంటారు, వాళ్లు మళ్లీ ఆపరేషన్స్ అంటారు. కొన్నిటికి బతిమాలి యజమానుల్ని కుదిర్చింది. కొన్నిటిని ఎవరూ వాడటం లేదని తేల్చి మూయించింది. జనవరి చివరికి ఒక్కటే మిగిలింది. జాబితాలో నూట అరవై మూడో వరుస.

పేరు: కోల్డ్ కాల్ రిజిస్టర్. చోటు: కొల్లూరు కోల్డ్ స్టోర్. వాడేవారు: ఒకరు. ఏ సంవత్సరంలో చేసింది: 2011. చేసినవారు: తెలియదు. పక్కన విలువ మార్కులు. బయటి నిపుణులొచ్చి ప్రతి సిస్టమ్‌కీ ఎంతమంది వాడుతున్నారు, ఎంత కొత్తది, ఎంత భద్రం అని చూసి వేసిన మార్కులవి. దీనికి వందకి పదకొండు.

ఫోనులో తేలే పనే. కానీ మూసివేత కాగితం మీద వాడేవాళ్ల సంతకం ఉండాలని ఆమే రాసింది. ఫిబ్రవరి పదకొండు, మంగళవారం మధ్యాహ్నం క్యాబ్ మాట్లాడుకుని కొల్లూరు వెళ్లింది.

కోల్డ్ స్టోర్‌లో అద్దాల గది లాంటిదొకటి ఉంది. అందులో స్వెట్టరూ, దాని మీద శాలువా, చెప్పుల్లో సాక్సులూ వేసుకుని ఒకావిడ కూర్చుంది. పేరు రేణుక. నలభైకి దగ్గరగా ఉంటుంది. ఖాజాగూడ మనిషి. పద్నాలుగేళ్లుగా ఆ కుర్చీలోనే ఉంది. ముందు పసుపుబారిన ఓ పాత కంప్యూటరు, పక్కన రెండు ఫోన్లు.

"ఏంది మేడమ్, దీని కోసం అంత దూరంకెళ్లి వచ్చిండ్రా? కూసోండ్రి, కూసోండ్రి. శాలువా ఇయ్యాల్నా? ఈడ జర సేపు కూసుంటే కాళ్లు గడ్డకడ్తయ్."

బాల మూసివేత సంగతి ఎత్తేలోపే ఫోను మోగింది. నారాయణఖేడ్ వైపు వెళ్లిన డ్రైవరు లింగయ్య. రేణుక అతని మాట వింటూనే ఒక నర్సింగ్ హోము పేరు టైపు చేసింది. తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు బారులు తీరింది. మంగళవారం డాక్టరు ఉండడు. ఫ్రిజ్ తాళం నర్సు సాయమ్మ దగ్గర. ఆమె ఒంటి గంటకి అన్నానికి పోతుంది. ఇల్లు వెనక వీధి, నీలం గేటు. పగలు కరెంటు పోతే జనరేటరు వెయ్యరు.

"లింగయ్యన్నా, ఆడికి ఇప్పుడు పోకు. సాయమ్మ అన్నానికి పోయి ఉంటది. ముందుగాల మెయిన్ రోడ్ మీది షాపుల దించు, వాళ్లకు ఇన్వర్టర్ ఉన్నది. రెండిటికి ఎనకకు రా, నేను సాయమ్మకు ఫోన్ చేసి పెడ్త." ఫోను పెట్టి ఇంకో ఫోను అందుకుంది. "సాయమ్మత్తా, తిన్నవా? డబ్బాలు వస్తున్నయ్. రెండిటికి గేటు కాడ ఉండు."

బాల అలాగే చూస్తూ కూర్చుంది. ఇంకో కాల్. ఇంకో పేరు. ఒక షాపులో పెద్దాయనకి చెవులు వినపడవు, ఫోను చెయ్యొద్దు, పక్క బట్టల షాపుకి చెయ్యాలి. ఒక నర్సింగ్ హోములో ఫ్రిజ్ పాతది, నాలుగు డబ్బాలకి మించి ఇవ్వకూడదు, ఆర్డరులో పది ఉన్నా సరే. ఒక ఊళ్లో అంగడి రోజున బండి లోపలికి పోదు. మొత్తం పదకొండు వందల నలభై మంది ఖాతాదారులు. పద్నాలుగేళ్లుగా ఒక్కొక్కళ్ల గురించి తెలిసింది తెలిసినట్టు రేణుక రాస్తూ వచ్చింది.

"ఇవన్నీ రాయమని ఎవరు చెప్పారమ్మా?"

"ఎవలు చెప్తరు మేడమ్? మొదట్ల రోజు డబ్బాలు ఖరాబయి ఎనకకొచ్చేటివి. ఎందుకొచ్చినయ్ అని అడిగి రాసుకునేదాన్ని. రాసుడు మొదలుపెట్టినంక వచ్చుడు తగ్గింది. గంతే."

"ఎప్పటి నుంచి తగ్గింది?"

"ఏమో. రెండేండ్లకో, మూడేండ్లకో. మా పెద్దబిడ్డ బళ్లె పడ్డ సంవత్సరం."

బాల సంవత్సరాలు లెక్కేసుకుంది. మూడేళ్లుగా ప్రతి పెద్ద మీటింగులోనూ డైరెక్టర్లు అడిగే మాట ఒకటుంది. పోటీ కంపెనీల దగ్గర లేనిది మన దగ్గర ఏముంది? సిస్టముల మీద ఇంత ఖర్చు చేస్తున్నాం కదా, వాటిలో మనల్ని నిలబెడుతున్నది ఏది? జవాబుగా ఎనభై పేజీల స్లైడ్లు తయారయ్యాయి. ఈ వ్యాపారంలో అందరికంటే తక్కువ మందు పాడయ్యేది మన దగ్గరే, అదీ లారీలకి కొత్తగా పెట్టిన టెంపరేచర్ సెన్సర్ల పుణ్యమేనని అందులో రాశారు. సెన్సర్లు పెట్టి రెండేళ్లయింది. మందు పాడవడం తగ్గి పదేళ్లు దాటింది. రెండో సంగతి ఎవరూ వెనక్కి వెళ్లి చూడలేదు. ఆమె కూడా చూడలేదు.

"రేణుకా, ఈ రిజిస్టరుకి యజమాని ఎవరమ్మా?"

"యజమాని అంటే?"

"అంటే, దీంట్లో ఏముండాలి, ఏం తీసెయ్యాలి, అలాంటివి ఎవరు నిర్ణయిస్తారు?"

రేణుక వింతగా చూసింది. "నేనే. ఇగ ఎవరు చేస్తరు మేడమ్?"

బాల మూసివేత కాగితాన్ని సంచిలోనే ఉంచి తిరిగొచ్చింది.

మర్నాడు ఆపరేషన్స్ వైస్ ప్రెసిడెంటు మహేశ్ దగ్గరికి వెళ్లింది. మంచివాడే. కొల్లూరు స్టోర్ అతని కిందే. చూసిందంతా చెప్పింది. అతను ఓపిగ్గా విన్నాడు.

"మేడమ్, రేణుక మస్తు పని చేస్తది, నాకు తెల్వదా? కని ఆ మెషీన్ చూసిండ్రు కదా. అప్‌డేట్లు లేవు, పాస్‌వర్డ్ కూడ మానిటర్ మీద అతికించి ఉంటది. రేపు దానికెళ్లి ఎవడన్న లోపలికొస్తే ఎవరిని పట్టుకుంటరు? సంతకం పెట్టినోన్నే. నన్ను వదిలేయండ్రి, దండం పెడ్త."

అతని భయంలో అబద్ధం లేదు. ఆ మెషీను నిజంగానే ప్రమాదం. దాన్ని తీసేయాలి, అందులోని రాతల్ని మాత్రం భద్రంగా ఇంకోచోట పెట్టాలి. దానికి కొత్త సిస్టమ్‌లో చోటు చేయాలి, చోటు చేయాలంటే యజమాని అడగాలి, యజమాని లేడు.

ఉదయ్ భాస్కర్‌ని అడిగింది. "యజమాని హోదా తగ్గిద్దామండీ. ఈ ఒక్కదానికి రేణుక పేరు రాద్దాం."

"రూల్ మీరే రాశారు కదండీ, బాలా గారూ. ఆర్నెల్లు తిరక్కుండా మనమే మినహాయింపు అడిగితే మిగతావాళ్లు ఊరుకుంటారా? సరే, కమిటీలో పెట్టండి. పది నిమిషాలు ఇస్తాను."

ఆ పది నిమిషాలు ఫిబ్రవరి నెలాఖరు మీటింగులో ఆఖరి అంశం. ముందు అంశాలు సాగి సాగి సమయం దాటిపోయింది. తర్వాత చూద్దామన్నారు. మార్చి మధ్యలో మళ్లీ పెట్టింది. ఆ రోజు కొత్త కృత్రిమ మేధ ప్రాజెక్టు మీద గంటన్నర మాట్లాడుకున్నారు. ఆమె తెచ్చుకున్న రెండు కాగితాలూ చేతిలోనే నలిగిపోయాయి. బయటికొచ్చాక లిఫ్టు కోసం నిలబడితే అద్దంలో తన మొహం చూసి, ఎవరో పెద్దావిడ అనుకుంది.

మార్చి ఇరవై నాలుగు, సోమవారం మధ్యాహ్నం ఆఖరి మీటింగుకి జాబితా పంపాలి. చర్చ అక్కర్లేకుండా ఒక్క చేయెత్తుతో ఆమోదించే అంశాలన్నీ ఒక మూట కడతారు. నూట అరవై మూడుని ఆ మూటలో వేయాలా, బయట ఉంచి మూడోసారి పోట్లాడాలా? బయట ఉంచితే మళ్లీ పది మందికి ఫోన్లు చేయాలి, మళ్లీ అందరూ తన మొహం చూసి ఈవిడ వచ్చిందిరా అనుకోవాలి. ఆమె కాసేపు వేళ్లు కీబోర్డు మీదే పెట్టుకుని కూర్చుంది. తర్వాత మూటలో వేసింది. ఎదురుగా "డేటా కొత్త సిస్టమ్‌కి బదిలీ అవుతుంది" అని రాసింది. బదిలీ అయ్యేది పేరు, చిరునామా, ఫోను నంబరు మాత్రమేనని, రేణుక రాతలకి అక్కడ గడే లేదని ఆమెకి తెలుసు. తెలిసే రాసింది. టీ తాగడానికి లేచింది.

నెలాఖరులో పాత మెషీను తీసుకుపోయారు. రెండు రోజులకి రేణుక ఫోను చేసింది.

"మేడమ్, నేను రాసినయి కనపడ్తలేవు. పేర్లే వస్తున్నయ్."

"బ్యాకప్‌లో ఉన్నాయమ్మా. అడిగి పంపిస్తాను."

అడిగింది. పాత మెషీనులోని ఫైళ్లు బయటికి ఇవ్వాలంటే ఆ సిస్టమ్ యజమాని అనుమతి కావాలని భద్రత విభాగం జవాబిచ్చింది. ఆ జవాబు చదివి ఆమె నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. ప్రత్యేక అనుమతికి అర్జీ పెట్టింది. అది ఎవరి టేబుల్ మీదో ఆగింది. రేణుక నోటుబుక్కు కొనుక్కుని, గుర్తున్నవన్నీ మళ్లీ రాయడం మొదలుపెట్టింది.

మే నెలలో రేణుక అత్తకి కంటి ఆపరేషన్ అయితే నాలుగు రోజులు సెలవు పెట్టింది. ఆ నాలుగు రోజుల్లో ఒక ఆదివారం వచ్చింది. ఆసిఫాబాద్ దాటాక ఒక చిన్న నర్సింగ్ హోము ఉంది. నడిపేది డాక్టర్ వెంకటలక్ష్మి. ఆదివారం అక్కడ వాచ్‌మన్ తప్ప ఎవరూ ఉండరు. అక్కడ ఆదివారం దించొద్దని రేణుక ఎప్పుడో తొమ్మిదేళ్ల కిందట రాసుకుంది. కొత్త సిస్టమ్‌కి ఆ మాట తెలియదు. ఆ రోజు బదులుగా వచ్చిన డ్రైవరుకీ తెలియదు. అతను డబ్బాలు వాచ్‌మన్ చేతికిచ్చి సంతకం తీసుకుని వెళ్లిపోయాడు. లారీలో సెన్సరు చివరిదాకా పచ్చగానే ఉంది. కోకాపేటలో తెర మీద "చేరింది" అని పడింది. డబ్బాలు సోమవారం పొద్దున దాకా ఎండ పడే వరండాలో ఉన్నాయి.

డాక్టరమ్మ తెరిచేసరికి లోపలి ఐస్ జెల్ గోరువెచ్చగా ఉంది. ఇన్సులిన్ మొత్తం పారబోసింది. ఆమె దగ్గర వారంవారం తీసుకెళ్లే వాళ్లు పంతొమ్మిది మంది. రెండు రోజులు మందు లేక ఒక ముసలాయన స్పృహ తప్పితే మంచిర్యాల దవాఖానకి తరలించారు. బతికాడు. డాక్టరమ్మ కోకాపేటకి ఫోను చేసి, గొంతు పెంచకుండా, ఇక మీ దగ్గర తీసుకోనని చెప్పింది. డాక్టర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. జూన్ పదో తేదీకి ఆ చుట్టుపక్కల ఇంకో అయిదుగురు మానేశారు.

విచారణ జరిగింది. నాలుగు పేజీల నివేదిక తయారైంది. మూలకారణం అనే చోట, కోల్డ్ స్టోర్ ఉద్యోగిని సెలవుపై వెళ్లేముందు అవసరమైన సమాచారం అప్పగించలేదు, ఇది విధి నిర్వహణలో లోపం అని రాసి ఉంది. రేణుకకి సంజాయిషీ నోటీసు వెళ్లింది. నివేదిక కింద ముగ్గురు సంతకం చేయాలి. ఇద్దరు చేసేశారు. మూడోది గవర్నెన్స్ తరఫున బాల చేయాలి.

రేణుక ఆ సాయంత్రమే ఫోను చేసింది. ఏడవలేదు. "మేడమ్, ఏం అప్పజెప్పాలె నేను? అన్నీ దాంట్లనే ఉండె కదా. మీరు చూసిండ్రు కదా?"

"చూశానమ్మా," అంది బాల.

మర్నాడు పొద్దున నల్లగండ్లలో, వంటింట్లో నిలబడి కాఫీ తాగుతూ భర్త రామ్మోహనరావుకి చెప్పింది. ఆయన రోడ్లు భవనాల శాఖలో సూపరింటెండెంటు. ఫైళ్ల మధ్యే వయసు గడిచిపోయింది.

"మా ఆఫీసులో అయితే 'చర్చించవలెను' అని రాసి పక్కనపడేస్తాం," అన్నాడు. ఆమె నవ్వలేదని చూసి గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు సంతకం పెట్టకపోతే ఏం చేస్తారు?"

"ఇంకెవరి చేతో పెట్టిస్తారండీ."

"మరైతే నువ్వు పెట్టకపోవడం వల్ల ఉపయోగం లేదుగా."

"లేదు. పెట్టకపోవడం చాలదు."

ఆఫీసుకి వెళ్లి, సంతకం చేయకుండా, నివేదికకి జతచేసే కాగితం ఒకటి తీసుకుని రాయడానికి కూర్చుంది. పెద్ద పెద్ద పదాలు వాడే అలవాటు పాతికేళ్లది, వాటిని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోయింది. చివరికి అరపేజీ మిగిలింది: "ఫిబ్రవరి పదకొండున నేను కొల్లూరులో ఆ రిజిస్టరు పనిచేయడం కళ్లారా చూశాను. మన దగ్గర మందు తక్కువ పాడవడానికి కారణం అదేనని నాకు అర్థమైంది. అందులోని రాతలు కొత్త సిస్టమ్‌లోకి రావని తెలిసీ, మార్చి ఇరవై నాలుగున చర్చ లేకుండా మూసే అంశాల్లో దాన్ని నేనే చేర్చాను. బదిలీ అవుతుందని నేను రాసిన వాక్యం నిజం కాదు. రేణుక అప్పగించాల్సిన సమాచారం ఆమె పద్నాలుగేళ్లుగా అప్పగిస్తూనే ఉంది. మనమే తీసేశాం."

ఉదయ్ భాస్కర్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"ఇది పెడితే మీ మీదకే వస్తుందండీ."

"నా మీదకే రావాలి కదండీ."

"కమిటీలో చేతులెత్తింది మేం తొమ్మిది మందిమి. అందులో నేనూ ఉన్నాను."

"మీకు తెలియదు. నాకు తెలుసు. తేడా ఉంది."

అతను కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నాడు. అతనూ అలసిపోయాడని ఆమెకి అప్పుడే తట్టింది. "వాక్యాలు కొంచెం మెత్తగా చేద్దామా?" అన్నాడు.

"వద్దండి. మెత్తగా చేసీ చేసే ఇక్కడిదాకా వచ్చాం."

అతను ఆ కాగితం కింద సంతకం చేయలేదు. అలాగని ఆపనూ లేదు. ఒక్క అక్షరం మార్చకుండా డైరెక్టర్లకి పంపాడు. ఆమె అతనికి మనసులో ఆ మేరకు దండం పెట్టుకుంది.

మూడు వారాలకి తేలింది. రేణుక మీద నోటీసు ఉపసంహరించుకున్నారు. పొరపాటైందని మాత్రం ఎవరూ అనలేదు. డాక్టర్ వెంకటలక్ష్మికి ఉదయ్ భాస్కరే ఫోను చేసి మాట్లాడాడు. ఆమె విని, చూద్దాం అంది. తిరిగి రాలేదు. బాలని గవర్నెన్స్ నుంచి తప్పించారు. పదోన్నతి వరసలో ఆమె పేరు ఉండేది, తీసేశారు. కొత్త సిస్టమ్ వాడకాన్ని చూసుకోమని కొల్లూరు కోల్డ్ స్టోర్‌కి వేశారు. శిక్షగానే వేశారు. నల్లగండ్ల నుంచి కొల్లూరుకి ఇరవై నిమిషాల దారేనని వాళ్లకి తెలియదు.

ఆమె సీటులోకి కృష్ణప్రియ అనే అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్లు. మొదటి వారంలోనే ఫోను చేసింది.

"మేడమ్, యజమాని రూల్ మారుస్తున్నా. రోజూ నిర్ణయాలు తీసుకునే మనిషే యజమాని, హోదా ఏదైనా సరే. పైన ఒక వైస్ ప్రెసిడెంటు అండగా ఉండాలి, భద్రత బాధ్యత ఆయనది. ఇట్లా రాస్తే ఓకేనా?"

బాల విని, ఒక్క పదం మార్చమంది. "అండగా ఉండాలి అంటే ఎవరూ ఉండరమ్మా. 'సంతకం చేయాలి' అని రాయి."

మహేశ్ సంతకం చేశాడు, ఈసారి దండం పెట్టకుండానే. దాదాపు రెండు వందల వరుసల్లోని వైస్ ప్రెసిడెంట్ల పేర్ల మధ్య యజమాని గడిలో కె. రేణుక, కాల్ డెస్క్ అని పడింది. యజమాని అనుమతి ఇవ్వగానే బ్యాకప్‌లో ఉన్న ఫైలు గంటలో వచ్చేసింది.

దాన్ని కొత్త సిస్టమ్‌లోకి ఎక్కించడం మాత్రం గంటలో అయ్యే పని కాదు. డబ్బా దించే వేళ, తాళం ఎవరి దగ్గర, కరెంటు సంగతి, ఫ్రిజ్ పరిమాణం అంటూ కొత్తగా నాలుగు గడులు ఇచ్చారు. పద్నాలుగేళ్ల రాతల్ని చదివి, ఏ ముక్క ఏ గడిలోకి పోవాలో ఇద్దరూ కూర్చుని చూడాలి. రోజుకి నలభై మంది ఖాతాదారుల చొప్పున మొదలుపెట్టారు, ముప్పైకి మించి సాగలేదు. మధ్యలో ఫోన్లు వస్తూనే ఉంటాయి. బాల స్వెట్టరు వేసుకుని తెర ముందు కూర్చుంటుంది. రేణుక పాత రాతలు పైకి చదువుతుంది. కొన్ని ఏ గడిలోనూ పట్టవు. పట్టనివాటికి చివర ఒక ఖాళీ గడి పెట్టించమని బాల కృష్ణప్రియకి రాసింది. ఆ అర్జీ ఇంకా నడుస్తోంది.

సాయంత్రానికి భుజాలు ఎప్పటిలాగే బరువెక్కుతాయి. కుదుటపడ్డానని ఆమె ఎవరికీ చెప్పదు. ఆ ముసలాయన ఎలా ఉన్నాడో కనుక్కోవాలని రెండుసార్లు మంచిర్యాల దవాఖాన నంబరు వెతికింది. ఒకసారి చేసింది. డిశ్చార్జి అయి వెళ్లిపోయాడని చెప్పారు. అంతకంటే వివరం వాళ్ల దగ్గర లేదు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం రేణుక చదువుతూ చదువుతూ ఆగింది.

"ఈయన పోయిండు మేడమ్. సదాశివపేటల షాపు. నిరుడు కార్తీకంల పోయిండు. షాపు మూసే ఉన్నది."

"అయితే తీసేద్దామా?"

బాల వేళ్లు కీబోర్డు మీద నుంచి తీసి రేణుక వైపు తిరిగింది. "నీదే కదమ్మా. నువ్వు చెప్పు."

రేణుక శాలువా భుజం మీదికి లాక్కుని కొంచెంసేపు ఆలోచించింది. ఇలాంటి ప్రశ్న ఆమెని ఎవరూ అడిగి ఉండరు. ఎవరూ అడక్కుండానే ఇన్నేళ్లూ తేల్చుకుంటూ వచ్చింది.

"ఉంచుండ్రి. ఆయన ఇంటామె దసరాకు మళ్ల తెరుస్తదని లింగయ్యన్న చెప్పిండు. ఆమెకు మెట్లెక్కుడు కష్టం, డబ్బాలు కిందనే దించాలె అని రాయుండ్రి."

బాల రాసింది. ఏ గడిలో రాయాలో తెలియక తాళాల గడిలోనే రాసింది. ఆ రోజు వంతులో ఇంకా పదకొండు మంది మిగిలారు.